ఎదురింటి మామ, సర్వర్ గది తాళం

పోయిన గురువారం పొద్దున పుదుచ్చేరి నటేశన్ నగర్ నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఎదురింటి మామ పోయినాడు పాపా. నిద్రలోనే" అంది. నెల్లూరులో ఉన్నపళంగా బస్సెక్కాను. దారంతా ఆయన మాటలే చెవిలో ఉన్నాయి, ఏడుపు మాత్రం రాలేదు.

మామ అంటే చుట్టం కాదు. మాలాగే ఎన్నో తరాల కిందట పుదుచ్చేరి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఇంట్లో మాట తెలుగే, తెలుగు అక్షరాలు చదవడం మాత్రం రాదు. వయసులో ఉండగా మిల్లులో ఫిట్టరు. మిల్లు మూతబడ్డాక, నలభై దాటిన మనిషి, సాయంత్రాలు కుర్రకారు పక్కన కూర్చుని కంప్యూటరు నేర్చుకున్నాడు. ఉప్పళంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సర్వర్ గదికి పెద్ద అయ్యాడు. రెండువేల దశకం మొదట్లో నన్ను ఆ ఆఫీసులో చేర్పించిందీ ఆయనే. మా ఇంట్లో ఉద్యోగానికెళ్ళిన మొదటి ఆడపిల్లను నేను. మా నాన్న ఒప్పుకుంటూనే షరతు పెట్టాడు: "నీ మింద ఒక్క కంప్లెయింటు రానీ, ఆ దినమే మానుకోవల్ల."

మొదటి రోజంతా మామ నన్ను ఒక్క లైను కోడు కూడా రాయనివ్వలేదు. ఎడిటర్ సర్దించాడు. అక్షరాల సైజు, లైన్లకు నంబర్లు, ఎన్ని ఖాళీలు వదలాలి, కంటికి ఏ రంగు హాయి. నేను విసుక్కుంటే, "స్పానరు చేతికి ఒదగకుండా బోల్టు మింద పెడితే యాడికి పోతాది? నీ మొగం మిందికే" అన్నాడు.

తర్వాత వర్షన్ కంట్రోల్. అంటే అందరి ఫైళ్ళూ సర్వర్లో ఉంటాయి, ఎవరు ఏం మార్చినా పాతది చెరిగిపోకుండా కొత్తది పైన చేరుతుంది. అప్పటిదాకా నేను ఫైళ్ళకు 'కొత్తది', 'కొత్తది రెండు', 'ఇదే చివరిది', 'చివరిది రెండు', 'చివరిది మూడు' అని పేర్లు పెట్టుకునేదాన్ని. అవి చూసి మామ కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. "చివరిదే మూడుండాయే! ఏంది పాపా ఇది, రైలుపెట్టెలా?"

మార్పు చేర్చిన ప్రతిసారీ కింద ఒక వాక్యం రాయాలి. నేను 'మార్చాను' అని రాసి ఊరుకుంటే నా సీటు దాకా వచ్చేవాడు. "ఏం మార్చినావో మిషనే చెప్తాది. ఏల మార్చినావో నువ్వు చెప్పల్ల. తప్పు చేసుంటే తప్పని రాయి. ఆడ అబద్ధం రాస్తే మనం పోయినాక కూడా అది అబద్ధం చెప్తానే ఉంటాది." తన వాక్యాలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో మన ఇంటి తెలుగులో రాసేవాడు. ఓనరూ మన తెలుగువాడే కాబట్టి చదువుకుని నవ్వేవాడు.

ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు మిషన్లన్నీ ఆపి, చందనం కుంకుమ పెట్టి, మర్నాటిదాకా తాకం. మామ పూలకూ బొరుగులకూ బజారుకెళ్తూ సర్వర్ గది తాళం నా చేతికిచ్చాడు. నాకు భక్తి కాస్త ఎక్కువైంది. సర్వర్ పైన రేకుకు బొట్టు పెడితే ఏం లాభం, అసలు ఆయుధం లోపలుంది కదా అనుకున్నాను. పక్క రేకు ఊడదీసి, హార్డ్ డిస్కుకు చందనం బొట్టు పెట్టి, మామిడాకుతో పసుపునీళ్ళు చల్లి, మళ్ళీ మూసేశాను. మర్నాడు స్విచ్ వేయగానే చిటపటమంది. గదంతా కమురు వాసన.

సీడీలో దాచిన నకలు వారం పాతది. ఆ శుక్రవారమే ఒక కస్టమరుకు ప్రోగ్రాం ఇవ్వాలి. వెళ్ళి మామకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన రేకు ఊడదీసి డిస్కు మీది బొట్టు చూశాడు.

"సామికే లోపల పెట్టరు కదా పాపా బొట్టు" అన్నాడు. "పో, టిఫిన్ తిను. ఓనరుతో నేను మాట్లాడతా."

మా అందరి మిషన్ల నుంచీ ఫైళ్ళు ఏరి, ఆ వారం పనంతా మళ్ళీ నిలబెట్టాడు. రెండు రోజులు ఆలస్యమైంది. కస్టమరు వచ్చి కేకలేసి పోయాడు. ఓనరు నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఎంత మంచివాడో అని ఇంట్లో గొప్పగా చెప్పాను. వారం తిరక్కుండా సర్వర్ గది తాళం ఇంకొకరి చేతికి పోయింది. మామ సీటు వాకిలి పక్కకు మారింది. అడిగితే, "ఆ గది ఏసీ మోకాళ్ళకు పడలే" అన్నాడు. నమ్మేశాను.

పెళ్ళయి నెల్లూరు వెళ్తూ ఉద్యోగం మానేసేటప్పుడు, "నీ పనంతా ఇందులో ఉండాది" అని ఒక సీడీ చేతిలో పెట్టాడు. అంత్యక్రియలై నెల్లూరు తిరిగొచ్చాక, ఆయన గొంతు విన్నట్టుంటుందని దాన్ని ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించాను. నా ఫైళ్ళతోపాటు సర్వర్ సంగతులు రాసే ఫైలూ అందులో ఉంది. ఆఫీసులో ఆయనా ఓనరూ తప్ప ఎవరూ దాన్ని తెరిచేవాళ్ళు కాదు. పూజ మర్నాటి వాక్యం అందులో కనబడింది: "సర్వరు పాడయింది. పసుపునీళ్ళు చల్లింది నేనే. తప్పు నాది. తాళం ఇచ్చేస్తా ఉండా."

అప్పుడొచ్చింది ఏడుపు. మిల్లు పోయాక ఆయన ప్రాణం పెట్టుకున్నది ఆ ఒక్క గది మీదే. అది వదులుకుని నా ఉద్యోగం నిలబెట్టాడు. నాలుగేళ్ళు అక్కడ పనిచేశాను, ఇవాళ ఇక్కడ పిల్లలకు కంప్యూటరు నేర్పుతున్నాను. అంతా ఆ అబద్ధం పెట్టిన భిక్ష.

పాతది చెరపకూడదని నేర్పింది ఆయనే. అందుకే ఆ వాక్యం జోలికి పోలేదు. ఫైలు చివర నా పేరుతో ఇంకొకటి చేర్చాను: "మామ రాసింది నిజం కాదు. నీళ్ళు చల్లింది నేను." ఏల మార్చినావని ఆయన అడుగుతాడు కాబట్టి అదీ రాశాను: "నువ్వు పోయినాక కూడా అది అబద్ధం చెప్తానే ఉండాది మామా, అందుకు."

తెలుగు రాయడం నేను నెల్లూరు వచ్చాకే నేర్చుకున్నాను. మామ ఉండి, ఈ వ్యాసం ఇచ్చినా చదవలేకపోయేవాడు. ఆ వాక్యాలు మాత్రం ఆయనలాగే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. పైన ఆయనది, కింద నాది.