క్లచ్ పట్టని ఎడమ చెయ్యి

ఆ రోజు నా బండి కదిలినట్టే కదిలి మళ్లీ ఆగిపోయింది. చిలకలూరిపేట శివార్లలో ఒక జిన్నింగ్ మిల్లు ఆవరణ అది. సీజన్ అయిపోయి పత్తి లోడ్లు రావడం లేదు కాబట్టి, ఎండాకాలమంతా ఆ సిమెంటు నేల మీద ఒక డ్రైవింగ్ స్కూలు వాళ్లు ఆడవాళ్లకు మోటార్‌సైకిల్ నేర్పేవారు. మొదటివారం బండిని నెట్టడం, స్టాండు వేయడం, కూర్చుని బ్యాలెన్సు చూసుకోవడం. ఆ తర్వాత క్లచ్. ఎడమచేత్తో లివర్ పూర్తిగా నొక్కి పట్టి, ఫస్ట్ గేరు వేసి, బండి కదలబోతున్నట్టు తెలిసేదాకా నిదానంగా వదలాలి. మా బ్యాచ్‌లో మిగతావాళ్లంతా వదిలారు, వాళ్ల బండ్లు కదిలాయి. నా చేతిలోంచి మాత్రం లివర్ సగంలోనే జారిపోయేది.

మాకు నేర్పే రమేష్‌గారు ఓపికున్న మనిషి. "పద్మగారూ, క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తున్నారు. వేళ్లకు తెలుస్తూ ఉండాలండి" అన్నారు. నిదానంగానే వదులుతున్నానండి అన్నాను. నిజానికి నేను వదలడం లేదు, చెయ్యే వదిలేస్తోంది. అది వింతగా అనిపించింది కానీ బయటికి చెప్పలేదు. నలభై దాటాక బండి నేర్చుకుంటానని బయల్దేరినదాన్ని. చేతికి పట్టు చాలడం లేదంటే వయసైపోయిందంటారని నా రోషం.

నాకు బండి సరదా కాదు. మా పొలం ఊరికి దూరం. మా ఆయన మిల్లు లారీ మీద వెళ్తే ఎప్పుడొస్తాడో తెలియదు. ఆయన మోటార్‌సైకిల్ వసారాలో దుమ్ము కొట్టుకుని ఉంటుంది. నేనేమో పురుగుమందు డబ్బాలు, కూలీల అన్నం క్యారేజీలు పట్టుకుని ఎవరు ఎక్కించుకుంటారా అని రోడ్డు మీద నిలబడాలి. ఒకరి వెనక ఎక్కే ఖర్మ తప్పాలని నేర్చుకోవడానికి వెళ్లాను. మా తోడికోడలు అనసూయ భయమంటుంటే, నేనున్నాను కదా అని తననీ లాక్కెళ్లాను.

ఆ రోజు లివర్ ఒరుసుకుని ఎడమచేతి చిటికెనవేలి కింద బొబ్బ లేచి చితికింది. గ్లవుజు తీస్తే రక్తం. నాకు తెలియనే లేదు. రమేష్‌గారు చూసి, నొప్పిగా లేదా అని అడిగారు. నేను నోరు విప్పేలోపే అనసూయ అందుకుంది. "మా అక్కవి మిరపకాయల చేతులండి. మొన్న కల్లంలో మేమంతా మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చుంటే, ఈవిడ ఎడమచేతికి మంటే లేదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడమేమిటి, గర్వపడ్డాను.

మిరప పండించే ఇళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఎండిన కాయల్లోంచి రంగు మారిన తాలుకాయలు ఏరి, తొడిమలు తీసే పని ఆడవాళ్లదే. సాయంత్రానికి చేతులు భగ్గున మండుతాయి. కొన్నేళ్లు చేసినవాళ్లకు మంట కొంచెం తగ్గుతుంది. అలాంటివాళ్లను చెయ్యి రాటుదేలిందని మెచ్చుకుంటారు. ఆ ఏడు నా ఎడమచెయ్యి అసలు మండలేదు. కుడిచెయ్యి ఎప్పటిలాగే మండింది. రెండు చేతులూ ఒకే కాయల్లో ఉంటే ఒకటే ఎలా రాటుదేలుతుందని కల్లంలో ఒక్కరికీ తోచలేదు, నాకూ తోచలేదు. మోచేతి కింద తెల్లటి మచ్చ ఉంటే శోభి అనుకున్నాను.

తర్వాతివారం ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం నేర్పుతున్నారు. మలుపులో లివర్ జారి, బండి ఒక్క ఎగురు ఎగిరి, పక్కన నిలబడ్డ అనసూయ మీదికి దూసుకుపోయింది. తను తప్పుకుంది, నేను పడ్డాను. రమేష్‌గారు నన్ను లేపి, అందరికీ దూరంగా తీసుకెళ్లి చెప్పారు. "మీకు నేర్పడం నాకు చేతకాక కాదండీ. ఆ చేతిలో ఏదో తేడా ఉంది. ముందు డాక్టరుకు చూపించుకుని రండి." మంచిమాటే. నాకు మాత్రం మొహమ్మీద కొట్టినట్టయింది. బండి రాకపోతే రాలేదని చెప్పాలి గానీ చేతికి వంకలు పెట్టడమేమిటని దారిపొడుగునా అనసూయ దగ్గర సాధించాను. మళ్లీ ఆ మిల్లు గేటు తొక్కలేదు. ఆ మాట ఆ రోజు విని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఊళ్లో వైద్యం చేసే ఆయన నరాల బలహీనత అని విటమిన్ ఇంజక్షన్లు చేశాడు. వానలు పడ్డాయి, పైరు వేశాం, పనుల్లో పడిపోయాను. పత్తితీతల నాటికి ఉంగరం వేలు, చిటికెనవేలు లోపలికి వంగిపోయి, కాయలోని పత్తి సరిగ్గా అందేది కాదు. ఒకరోజు పొయ్యి మీది అన్నం గిన్నె దించుతుంటే మా అత్తయ్య గట్టిగా కేక వేసింది. ఎడమచేత్తో మసిగుడ్డ లేకుండా పట్టుకున్నానట. చర్మం గిన్నెకు అంటుకుపోయింది. అప్పుడు భయపడ్డాను. మా ఆయన లారీ దిగి వచ్చి నన్ను గుంటూరు తీసుకెళ్లాడు.

పెద్దాసుపత్రి స్కిన్ డిపార్ట్‌మెంట్‌లో డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమంది. ఎక్కడ తాకితే అక్కడ వేలితో చూపించమంది. కుడిచేతి మీద దూదిపోగు ఆనినా చూపించాను. ఎడమచేతి దగ్గరికి వచ్చాక ఆవిడ ఎప్పుడు మొదలుపెడుతుందా అని కూర్చున్నాను. ఎంతకీ తాకకపోయేసరికి కళ్లు తెరిచాను. ఆవిడ పెన్ను మొనతో నా చిటికెనవేలిని నొక్కుతోంది. మా ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మోచేతి వెనకనుంచి చిటికెనవేలి దాకా వెళ్లే నరం, అల్నార్ నెర్వ్, తాడులా గట్టిపడిందని చూపించింది. చర్మం తీసి స్మియర్, బయాప్సీ పరీక్షలు చేయించి, రిపోర్టులు వచ్చాక నెమ్మదిగా చెప్పింది. హాన్సెన్స్ డిసీజ్, అంటే కుష్టు. మందు ఉంది, ఉచితం, పూర్తిగా తగ్గుతుంది, మందు మొదలుపెడితే ఇంట్లో ఎవరికీ అంటదు. ఆ మాటలన్నీ మా ఆయన విన్నాడు, నేను మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. చేతికి స్పర్శ ఎప్పటినుంచి తెలియడం లేదని అడిగితే మిరపకాయల సంగతి చెప్పాను. డాక్టరమ్మ రాస్తున్నదల్లా ఆగి చెప్పింది.

"మండకపోతే అది అలవాటు కాదమ్మా, జబ్బు. అప్పుడే వచ్చి ఉంటే ఈ వేళ్లు చాలావరకు దక్కేవి."

కుష్టుకిచ్చే ఎమ్‌డీటీ మాత్రలు మొదలయ్యాయి. మొదటిరోజు మూత్రం ఎర్రగా వస్తే హడలిపోయాను, అది మందు రంగేనని తర్వాత చెప్పారు. నరం వాపుకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. ఇంట్లో నా కంచం, గ్లాసు నేనే విడిగా పెట్టుకున్నాను. మా ఆయన చూసి, వాటిని తీసుకెళ్లి అందరి గిన్నెల్లో కలిపేశాడు. ఇంట్లోవాళ్లందరికీ పరీక్ష చేయించాం, ఎవరికీ లేదు.

స్టెరాయిడ్స్‌కు మొహం ఉబ్బింది. కల్లంలో అందరూ ఏమిటని అడుగుతుంటే తట్టుకోలేక ఆ మాత్రలు నా అంతట నేనే మానేశాను. వారం తిరక్కుండా మోచేతిలో పోటు, నిద్ర లేదు, వేళ్లు ఇంకాస్త వంగాయి. ఈ మాత్ర ఉన్నట్టుండి ఆపకూడదని చెప్పలేదా అని డాక్టరమ్మ కోప్పడింది. చెప్పింది. మళ్లీ మొదటినుంచి వాడి, మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాను. ఫిజియోథెరపీలో చేతిని నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, వేళ్లు సాగదీయడం నేర్పారు. వేళ్లు వంగకుండా కట్టుకోవడానికి స్ప్లింట్ ఇచ్చారు. కోర్సు పూర్తయ్యాక జబ్బు తగ్గిందన్నారు. చచ్చిపోయిన నరం మాత్రం తిరిగి రాదన్నారు.

ఇప్పుడు కూర తరుగుతాను, జడ వేసుకుంటాను, పొలం పనీ చేస్తాను. వేడి గిన్నె ముట్టేముందు కుడిచేత్తో చూసుకుంటాను. బండి మాత్రం వద్దన్నారు. గేర్లు లేని స్కూటరుకైనా ఎడమచేతి బ్రేకు ఉంటుంది, ఆ చేతిని నమ్మలేమన్నారు. అనసూయ లైసెన్సు తెచ్చుకుంది. వసారాలో ఉండే మా ఆయన బండి ఇప్పుడు తనదే. క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని నేను తన వెనక ఎక్కుతాను. మలుపుల్లో తను గేరు తగ్గించి క్లచ్ వదిలే తీరు చూస్తుంటే నాకు ఏడుపొస్తుంది. తనకు తెలియకుండా కొంగుతో తుడుచుకుంటాను.

ఆ మధ్య పేటలో రమేష్‌గారు కనిపిస్తే జరిగిందంతా చెప్పాను. నేను ఇంకా గట్టిగా చెప్పాల్సిందండీ అని ఆయన బాధపడ్డారు. వినే చెవి లేనప్పుడు మీరెంత గట్టిగా చెబితే ఏం లాభమండీ అన్నాను.

నా మాటగా ఒకటే చెబుతాను. కల్లంలో కూర్చునే ఆడవాళ్లు సాయంత్రం చేతులు కడుక్కునేటప్పుడు రెండూ మండుతున్నాయో లేదో చూసుకోండి. ఒకటి మండి ఒకటి మండకపోతే మురిసిపోకండి, ఎవరు మెచ్చుకున్నా వినకండి. తొడిమలు మర్నాడైనా తీసుకోవచ్చు, ముందు ఆసుపత్రికి వెళ్లండి.

నా కుడిచెయ్యి ఇప్పటికీ మండుతుంది. దానికి మజ్జిగ రాసుకునేటప్పుడు ఎడమచేతికి కూడా రాస్తాను.