మహేంద్రగిరి మీద నుంచి మా పుట్టిల్లు

ఆ రోజుల్లో మొగుడు వేలు పెట్టి చూపించినదల్లా పెళ్ళానికి కనిపించి తీరాలి. కనిపించకపోతే తప్పు కళ్ళది గానీ వేలిది కాదు. ఈ సంగతి నాకు పెళ్ళినాడే బోధపడింది. మాది పగటి ముహూర్తం. మిట్టమధ్యాహ్నం పందిరి బయటికి తీసుకొచ్చి, పంతులుగారు అరుంధతీ నక్షత్రం చూపించమంటే, మా ఆయన మండుతున్న సూర్యుడి పక్కకి వేలెత్తాడు. నేను కళ్ళు చికిలించి, "ఎండలో సుక్కేటి, నాకేటీ కనిపించట్లేదు" అన్నాను. పందిరంతా నవ్వు. మా అత్త నా మోచెయ్యి గిల్లి, "కనిపించిందని సెప్పి తల దించుకోయే. ఎవులికి కనిపించింది గనక" అంది. కనిపించిందన్నాను. నా కాపురం ఆ మాట మీదే నడిచింది.

మా అత్తారిది మందస దగ్గర, మహేంద్రగిరి కొండ కింద పల్లె. పుట్టిల్లు శ్రీముఖలింగం అవతల, వంశధార ఒడ్డున. పెళ్ళైన ఏడాది వానాకాలంలో మా అమ్మ మంచం పట్టిందని కబురొచ్చింది. పంపించమని మా అత్తని అడిగితే వరి ఉడుపులయ్యాక అంది. ఉడుపులయ్యాయి, కలుపయ్యాక అంది. కలుపూ అయింది. "కోతలయ్యాక ఎల్దువులేయే, మీ అమ్మ ఎక్కడికి పోతాది" అంది. (పొలంలో పని పుట్టించడంలో మా అత్తని మించిన మనిషి లేదు.) నేను గోడవైపు తిరిగి ఏడుస్తుంటే మా ఆయనకి జాలేసింది. జాలేసినా వాళ్ళమ్మకి ఎదురు చెప్పే మనిషి కాడు. రెండ్రోజులు తల గోక్కుని ఉపాయం కనిపెట్టాడు. "కార్తీక సోమారం కొండెక్కుదామే. పైనుంచి సూస్తే ముఖలింగం గుడి, వంశధార, మీ ఊరు, మీ అమ్మ మంచం, అన్నీ కనిపిస్తాయి. నానెన్నిసార్లు ఎక్కలేదు" అన్నాడు. ఇద్దరమే వెళ్దామనుకున్నాం. తెల్లారేసరికి మా అత్త అటుకుల మూటతో గుమ్మంలో నిలబడి ఉంది. "దేవుడి కొండకి నన్నొగ్గేసి ఎల్తారేటి?"

అందరూ ఆ కొండ అందం గురించి చెబుతారు. నిజమే. పనస చెట్లు, రాళ్ళ మధ్య జారే ఏరు, వాలు మీద సవరల ఊళ్ళు. నా కళ్ళకి అవేవీ ఆనలేదు. నాకు కావలసింది పైనుంచి ఒక పెంకుటింటి కప్పు. ఎన్నోసార్లు ఎక్కిన మా ఆయన మమ్మల్ని తిన్నగా తీసుకెళ్ళి ఏట్లో నిలబెట్టాడు. కట్టెల మోపుతో వస్తున్న సవర ఆవిడ మమ్మల్ని చూసి, గడ్డంతో వెనక్కి చూపించింది. "నాకు తెలుసు. ఈ ఏరు మీకు సూపిద్దామనే తెచ్చేను" అన్నాడాయన. కొండ సగంలో మా అత్త కూలబడితే వీపు మీద ఎక్కించుకున్నాడు. ఆవిడ అక్కడ నుంచే కాపురం చక్కబెట్టింది. "ఒరే, మెల్లగ నడు. కోడలు ఎనకాల నవ్వుతాందేటో సూడు." నవ్వానంటే నవ్వాను మరి. కొడుకు ముక్కుతున్నాడు, తల్లి అటుకులు నములుతోంది.

పైన కుంతి గుడి. అంతంత రాళ్ళు ఏ మనుషులు ఎత్తారో. దీపం పెట్టి, ఇంకా పైకి, భీముడి గుడి దగ్గరికి వెళ్ళాం. రాతి మీద రాయి పేర్చిన చిన్న గుడి. దాని అవతల ఏమీ లేదు. మబ్బు. పాలు ఒలకబోసినట్టు తెల్లగా మబ్బు. మా ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత, పెళ్ళిలో ఎత్తినట్టే, గుడి వెనక్కి వేలెత్తాడు.

"అదిగో వంశధార."

"ఏది మావా?"

"వేలు సూడవే. తెల్లగా లేదేటి?"

"అంతా తెల్లగానే ఉన్నాది."

మా అత్త, కొడుకు వీపు మీద నుంచి మెడ చాచింది. "నాకు కనిపిస్తన్నాది. ఒసే, సరిగ్గా సూడు. మీ అమ్మ గుమ్మంలో కూకున్నాది."

"అమ్మ మంచం దిగలేదు కదత్తా."

"అయితే దిగిందన్నమాట. ఇంకేటి, నువ్వు ఎల్లే పని లేదు."

మబ్బు తడికి ఆయన చెవుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. అంత చలిలోనూ ఎత్తిన వేలు దించలేదు. నా మొహంలోకే చూస్తున్నాడు. "కనిపించింది మావా" అన్నాను. అన్నాక చూస్తూ నిలబడ్డాను. చూడగా చూడగా, నమ్మండి నమ్మకపోండి, మబ్బులో పెంకులు కనిపించాయి. మంచం కనిపించింది. అమ్మ చీర కొంగు కిందికి జారి ఉంది. చెయ్యెత్తి ఊపాను.

కోతలు సగంలో ఉండగా అమ్మ పోయింది. మేం వెళ్ళేసరికి వంశధార ఒడ్డున చితి పొగే మిగిలింది. పొర్లి పొర్లి ఏడ్చి, చివరికి ఒక్క మాటతో గుండె కట్టుకున్నాను. పోనీ, కొండ మీద నుంచి చూశాను, ఆఖరి చూపు దక్కింది. అదే పట్టుకుని బతికాను. మా ఆయన మాత్రం దాన్ని సరసం చేశాడు. నేను అలిగి పుట్టింటికి పోతానంటే, "బస్సు కర్చెందుకే, కొండెక్కు" అనేవాడు.

పోయిన వేసవిలో ఆయన కూడా పోయాడు. పిల్లలు లేరు. ఇప్పుడు ఇంట్లో మా అత్తా నేనూ, మొగుళ్ళు లేని ఇద్దరు ఆడవాళ్ళం. తిట్టుకోడానికి కూడా ఓపిక లేదు. ఒకరం వండుతాం, ఇద్దరం తినకుండా వదిలేస్తాం.

మొన్న మా చెల్లెలి కూతురు (నేను చెబుతుంటే ఇది రాస్తున్నది తనే) జీపులో కొండెక్కి వచ్చి, ఫోన్లో ఫొటో చూపించింది. మబ్బు లేని రోజు. అదే భీముడి గుడి, అదే రాయి. దాని వెనక ఆకాశం దాకా నీలంగా ఉంది.

"ఇదేటే?"

"సముద్రం పెద్దమ్మా."

"వంశధార ఏదే మరి?"

"అది ఇటు కాదు, ఎనకవైపు."

మా అమ్మని మంచంతో సహా సముద్రంలో పెట్టాడు మా ఆయన. నేను సముద్రానికి చెయ్యూపి వచ్చాను. ఆయన పోయాక మొదటిసారి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూ ఆయన కూర్చునే అరుగు వైపు తిరిగి, "మావా, నీ వంశధార సూడు" అనేశాను. అరుగు ఖాళీగా ఉంది. జన్మంతా ఆయన్ని ఏడిపించడానికి సరిపోయే మాట దొరికింది, ఏడిపించడానికి ఆయన లేడు. ఆఖరి చూపూ పోయింది, ఆయనా పోయాడు. నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకు తెలీదు.

ఫోను మా అత్తకి చూపించాను. దూరంగా పట్టుకుని చూసి, "మావోడు సూపించిన వైపే వంశధార. ఈ పోను తిరగబడి తీసుంటాది. నువ్వూ కనిపించిందన్నావు కదేటే" అంది.

"కనిపించిందత్తా" అని తల దించుకున్నాను. ఇంకేం చెయ్యను, అలవాటైన మెడ.

పొద్దున్నే పెరట్లోంచి కొండ వైపు చూస్తాను. పైన మబ్బు దిగి ఉంటుంది. అమ్మ కనిపిస్తుందేమో, ఆయన కనిపిస్తాడేమో అని, ఆనాడు ఆ చలిలో చెయ్యూపిన వెర్రి పిల్లలాగే కళ్ళు చికిలించి నిలబడతాను. వేలెత్తి చూపించేవాళ్ళు లేరు. మబ్బు మబ్బులాగే ఉంటుంది.