పన్నెండేళ్ల నువ్వుల సద్ది

సద్దుల బతుకమ్మనాడు మా చేవెళ్ల ఇంట్లో బతుకమ్మ ముందు మొదట పెట్టే గిన్నె నాది. పన్నెండేళ్లుగా అంతే. నేను అన్నంలో నువ్వుల పొడి కలిపి చేసిన సద్దిని అత్తమ్మ తన చేత్తో అందరికీ పంచుతుంది. మూడేళ్ల కింద మరిదికి పెళ్లయి నాకు యారాలు వచ్చింది. అప్పటినుంచి ఆ గిన్నెకు నా కాపలా ఎక్కువైంది.

వాళ్లు మొయినాబాద్‌లో ఉంటారు. ఆమె ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. చీర కుచ్చిళ్లు చెదరవు, గొంతు లేవదు. అత్తమ్మ ఆమెతో ఫోన్‌లో మాట్లాడినంతసేపూ నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తాను. వంక పెడదామంటే ఒక్కటీ దొరకదు, అదే నా బాధ.

ఈసారి పండుగకు వారం ముందు అత్తమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమెకు ఫోన్ కలిపి ఇద్దరికీ ఒకేసారి చెప్పింది.

"ఒకరు తినేది ఇంకొకరు తినకపాయె. ఈపారి అందరు తినేటిది చెయ్యుండ్రి. ఎవరిది అందరు తింటరో గదే బతుకమ్మ ముంగట పెడ్త."

వేళ్లు మడిచి లెక్కేశాను. అత్తమ్మకు షుగర్. ఆడబిడ్డకు గోధుమ పడదు. ఆమె కూతురు పల్లీ నోట్లో వేసుకుంటే పెదాలు వాస్తాయి. గోధుమ రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద పోయింది, పల్లీలేసిన పులిహోర పోయింది. నా నువ్వుల సద్దిలో తీపి లేదు, గోధుమ లేదు, పల్లీ లేదు. గెలిచేసినట్టే రెండు రోజులు హాయిగా తిరిగాను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నువ్వులు నాకే పడవు. తింటే మెడ నిండా దద్దుర్లు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు సద్ది చేయమంటే ఆ మాట చెప్పలేకపోయాను. అందరూ మెచ్చుకున్నాక చెప్పబుద్ధి కాలేదు. గౌరమ్మకు పెట్టేది ముందు రుచి చూడకూడదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నా వంతు కొంగులో కట్టుకుని ఇంటికొచ్చాక బర్రెకు పెట్టేదాన్ని.

పండుగనాడు యారాలు స్టీలు డబ్బాతో దిగింది. కొర్రలతో చేసిన కొబ్బరి సద్ది. అత్తమ్మ మూత తీసి చూసి, నా గిన్నెను పక్కకు జరిపింది.

"నీదాంట్ల బియ్యమున్నయి బిడ్డా. దవాఖానల అన్నం తగ్గించుమన్నరు గద."

రోజూ రాత్రి ఆమెకు జొన్నరొట్టె చేసేది నేనే. గెలవాలన్న తొందరలో అదే మరిచాను. యారాలి డబ్బా బతుకమ్మ ముందుకు పోయింది. నా కళ్లలో నిప్పులు పోసుకున్నాను. బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నంతసేపూ నా చూపు ఆ డబ్బా మీదే, రెండుసార్లు పాట తప్పాను.

బతుకమ్మను నీళ్లలో వదిలాక అందరం కూర్చుని సద్ది తిన్నాం. ఆడబిడ్డ రెండు ముద్దలు తిని అంది.

"మంచిగున్నది. గిన్ని నువ్వులు చల్లితే ఇంక మంచిగుంటుండె."

యారాలు మామూలుగా జవాబిచ్చింది. "అక్క తినదు గద."

అత్తమ్మ చెయ్యి ఆగింది. "పన్నెండేండ్ల సంది గదే చేస్తున్నది. తినకపోవుడేంది?"

"మూడేండ్ల సంది చూస్తున్న అత్తమ్మా. ఏటా కొంగుల కట్టుకుంటది. ఒక్కపారి కూడ నోట్లె పెట్టుకోలె."

అందరూ నావైపు చూశారు. నేను మడిచిన వేళ్లలో నా వేలు లేదు. ఆమెదీ లేదు. ఆమెకు ఏది పడదో నాకు ఇప్పటికీ తెలియదు, ఎన్నడూ అడగలేదు.

ఆ మాటకు మనసు చల్లబడాలి. చల్లబడలేదు. ఇది కూడా ఆమే ముందు కనిపెట్టిందని ఇంకింత కుళ్లుకున్నాను. కానీ సద్ది బాగుంది. బతుకమ్మ ముందు మొదట పెట్టిన సద్దిని నేను తినడం అదే మొదటిసారి. ఆమె ముఖం చూడకుండా చెయ్యి చాపి, ఇంకొంచెం పెట్టమన్నాను.