ఇంద్రేశం దారిలో కొత్త గోడ

చలికాలం పొద్దున్నే నేనూ మా ఆవిడా ఇంద్రేశం వైపు నడుస్తాం. జొన్నచేల మీద మంచు ఎర్రబడుతుంటే చూడటం మాకు ఇష్టం. ఈసారి కాలిబాటకు అడ్డంగా కొత్త వెంచర్ గోడ లేచింది. గేటు దగ్గర కాపలాదారు ఆపాడు.

“ప్లాట్లు సూడనీకె వచ్చిండ్రా?”

“లేదన్నా, పొద్దు పొడిసేది సూసి పోతం,” అన్నాను.

“గట్లయితే లోపలికి ఇడవొద్దన్నరు మా సార్.”

నాకు ఒళ్లు మండింది. గోడ పైన ఆకాశం నారింజ రంగుకు తిరుగుతోంది, సూర్యుడు మాత్రం కనిపించడం లేదు. మా ఆవిడ ముందుకొచ్చింది.

“ప్లాటే సూస్తం, జెర జల్దీ తియ్యి.”

అతను తాళంచెవి వెతికి గేటు తీసేసరికి బాగా పొద్దెక్కింది. లోపల చేలు లేవు, నంబర్లు వేసిన రాళ్లున్నాయి. తూర్పు ముఖం ప్లాట్లకు రేటు ఎక్కువని అతను చెబుతుంటే, వెనక్కి తిరిగాం.