సగం తిన్న హాట్ డాగ్

గవర్నర్‌పేటలో వెంకటరత్నమ్మ మెస్ తెలియని గుమాస్తా ఉండడు. ఆవిడ వంట ఎంత ప్రసిద్ధమో, ఇతరుల వంట మీద ఆవిడకున్న ఏవగింపు కూడా అంతే ప్రసిద్ధం. బిర్యానీ సెంటర్లలో దొరికేది రంగునీళ్ళ అన్నం. కర్రీ పాయింట్లలో దొరికేది నిన్నటి కూరకి ఇవాళ్టి తాలింపు. వియ్యాలవారింట విందు భోంచేసి, చెయ్యి కడుక్కుంటూనే "ఇదొక తిండేనా!" అన్న మనిషి ఆవిడ.

అలాంటి ఆవిడ కూతురి కూతురు రుచిత, బెంజ్ సర్కిల్ దగ్గర బండి పెట్టి హాట్ డాగులు అమ్మడం మొదలుపెట్టింది. కడుపు మండిపోదూ మరి! మొదటిరోజే వెళ్ళి, పొడుగాటి బన్ను మధ్య పడుకున్న ఆ గులాబీరంగు గొట్టాన్ని ఎగాదిగా చూసింది.

"ఏంటే దీంట్లో?"

రుచిత అబద్ధం ఆడే పిల్ల కాదు. "కోడే అమ్మమ్మా. మంచి ముక్కలు తీసేశాక మిగిలిన తరుగు, తోలు, కొవ్వు, ఎముకలకి అంటుకుని ఉన్నది గీకి, ఐసూ పిండీ ఉప్పూ వేసి మెత్తగా రుబ్బుతారు. పాడవకుండా, రంగు పోకుండా మందేదో కలుపుతారు."

"ఒంటికి మంచిదేనా?"

"ఎప్పుడో ఒకటి తింటే ఏం కాదు. రోజూ అయితే మంచిది కాదు."

"మంచిది కాదని నువ్వే చెప్పి, నువ్వే అమ్ముతన్నావా! మా మెస్‌లో కుక్కలకి పారేసేదంతా పోగేసి మనుషులకి పెడతన్నావన్నమాట. ఛీ! ఇదొక తిండేనా!" అని, ముట్టుకోకుండానే వచ్చేసింది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. ఆవిడకి ఆ మెతుకు కూడా అక్కర్లేదు.

ఆవిడ భర్త రామకోటేశ్వరరావుకి బీపీ. ఉప్పు తగ్గించకపోతే ప్రమాదమని డాక్టరు ఎండాకాలం మొదట్లోనే చెప్పాడు. ఆవిడ తగ్గించింది. పప్పులో మానేసింది, కూరలో మానేసింది. చప్పిడి కూడు ఎలా తింటారులే పాపం అని జాలిపడి, మొదటి ముద్దలోకి ఆవకాయ, చారులోకి వడియాలు, మజ్జిగలోకి మాగాయ, ఊరమిరపకాయలు కొసరి కొసరి వడ్డించింది. ఊరిన ఉప్పుకి దోషం లేదని ఆవిడ సిద్ధాంతం. పచ్చడిని ఉప్పు కింద జమకట్టేంత తెలివితక్కువదా ఆవిడ!

ఒక పొద్దున ఆయన మొహం కడుక్కుంటూ కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే, "ఈసారికి బయటపడ్డారు. ఇంకోసారి ఇంత పెరిగితే కాలూ చెయ్యీ పడిపోవచ్చు. ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకోండమ్మా" అన్నాడు డాక్టరు.

చూసుకోవడమెందుకు? మంచం మీద ఆయనే ఒప్పుకున్నాడు, మొన్న సాయంత్రం మనవరాలి బండి దగ్గర హాట్ డాగ్ తిన్నానని. వెంకటరత్నమ్మ ఆటో ఎక్కి తిన్నగా బెంజ్ సర్కిల్‌లో దిగింది.

"తినమాకండి నాయనా! మా ఆయన్ని ఆసుపత్రి పాలు చేసిన తిండి ఇదే!" అని బండి ముందు నిలబడి కేకేసింది. తింటున్నవాళ్ళు నమలడం ఆపేశారు.

రుచిత మొహం పాలిపోయింది. "తాతయ్యకేమైంది?"

"బీపీ పెరిగి పడిపోయారు. ఏం పెట్టి చంపబోయావే ఆయన్ని?"

"నేను వద్దనే అన్నా అమ్మమ్మా! ఇందులో ఉప్పెక్కువ, నీకు పడదు తాతయ్యా అని చెప్పా. ఒక్కటి రుచి చూస్తానన్నాడు. అదీ సగమే తిని పక్కన పెట్టేశాడు."

"పెట్టెయ్యరా మరి! నా చేతి వంట తిన్న నోరు. ఈ గడ్డి ఎట్టా దిగుద్ది?"

రుచిత కళ్ళు తుడుచుకుంది. "చప్పగా ఉందన్నాడు అమ్మమ్మా. ఆవకాయ ఏమన్నా ఉందా అని అడిగాడు."

వెంకటరత్నమ్మ బండి మీదున్న హాట్ డాగ్ ఒకటి తీసి కొసన కొరికింది. నాలిక మీద ఉప్పు చురుక్కుమంది. ఇది చప్పగా ఉందా ఆయనకి? అమ్మో! నేనేం పెడుతున్నాను ఆయనకి రోజూ? ఆ భయంలో కొరికినది ఉమ్మెయ్యడం కూడా మర్చిపోయి మింగేసింది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు రామకోటేశ్వరరావు కంచం ముందు కూర్చున్నాడు. పప్పు, సొరకాయ కూర, మజ్జిగ ఉన్నాయి. జాడీలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఆవకాయేదే?"

"లేదండీ."

"పోనీ, మాగాయన్నా వెయ్యి."

"అదీ లేదు."

ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన కంచం అవతలికి తోసేశాడు. "ఛీ! ఇదొక తిండేనా!"

ఆ మాట ఆవిడది. ఆవిడ వడ్డించిన కంచం ముందు ఇంతవరకూ ఎవరూ అనలేదు. వంటింటి గుమ్మంలో మెస్ పనివాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

వెంకటరత్నమ్మ తనకీ ఒక కంచం తెచ్చుకుని అదే పప్పు, అదే కూర వడ్డించుకుని ఆయన పక్కన కూర్చుంది. ఆయన కంచంలో ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది.

"తిండి కాదండీ. అయినా తినండి."