రెండు వైపుల చొక్కా

దర్జీ మంచివాడే. కొలతలు తప్పడు, చెప్పిన రోజుకు బట్టలిస్తాడు. ఈ రెండో మాటకు ఆయన భార్య ఒప్పుకోదు, అది వేరే సంగతి. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. ఫుట్‌బాల్ ఆటలో గెలుస్తున్న జట్టు పక్కన క్షణం కూర్చోలేడు.

పుట్టి పెరిగింది రేవు వీధిలో, పెళ్లి చేసుకుని కాపురం పెట్టింది మిల్లు వీధిలో. కాబట్టి ఆకుపచ్చ చొక్కాల రేవు జట్టూ ఆయనదే, ఎర్ర చొక్కాల మిల్లు జట్టూ ఆయనదే. ఆ చొక్కాలు కుట్టేదీ ఆయనే. వీళ్లు ఇంకెవరితో ఆడినా చిక్కు లేదు. ఈ రెండు జట్లూ తలపడిన రోజున మాత్రం ఆయన మైదానం చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు.

అందుకోసం ప్రత్యేకంగా ఒక చొక్కా కుట్టుకున్నాడు. పైకి ఆకుపచ్చ, తిరగేస్తే ఎరుపు. రెండు వైపులా గుండీలు, రెండు వైపులా జేబులు. మిల్లువాళ్లు వెనకబడితే చాలు, రేవువాళ్ల మధ్య నుంచి లేచి, గోలు వెనక నిలబడి చొక్కా తిరగేసుకుని ఇటు వచ్చేస్తాడు. రేవువాళ్లు వెనకబడితే అటు పోతాడు. ఆ హడావిడిలో గుండీలు ఎప్పుడూ ఒక కాజా తప్పించి పెట్టుకుంటాడు. ఊరందరి బట్టలూ సరిచేసే మనిషికి కాలరు ఒక పక్క చెవిని తాకుతుంది, రెండో పక్క భుజం మీద పడుకుంటుంది.

కొన్నాళ్లకు జనం ఒక సంగతి కనిపెట్టారు. దర్జీ ఏ వైపు వచ్చి కూర్చుంటే ఆ వైపువాళ్లు ఓడిపోతున్నారు. ఇంకేముంది, ఐరన్ లెగ్ అని తేల్చేశారు. రెండు వైపులా ఆయన్ని అదిలించడం మొదలుపెట్టారు. ఆయన ఏమీ అనుకోడు. "కాస్త జరగండి బాబూ" అంటూ ముందు వరసలోనే ఇరుక్కుంటాడు.

ఆ మాట అందరికంటే గట్టిగా నమ్మింది ఆయన భార్యే. ఎందుకంటే మిల్లు జట్టు గోల్‌కీపరు ఆవిడ సొంత తమ్ముడు. కిందటి రెండు ఆటల్లోనూ చేతిదాకా వచ్చిన బంతిని వదిలేసి, పాపం వీధిలో తలెత్తుకోలేకపోతున్నాడు. కూరగాయల కొట్టువాడు సంచీ అందిస్తూ, పట్టుకోగలవా అని అడిగాడట. "ఫైనల్లో కూడా వదిలానంటే ఇక గ్లవ్స్ ముట్టనక్కా" అని వాడు చెప్పినప్పటి నుంచి ఆవిడకు అన్నం సయించలేదు. వాడికి ఆ ఆట తప్ప మరో సరదా లేదు.

అందుకే ఫైనల్ రోజు పొద్దున్నే కత్తెర తీసి, చొక్కా ఎర్ర వైపున్న గుండీలన్నీ తెంపేసింది. "ఇవాళ రేవు వైపే కూర్చోండి. మా వైపు వచ్చారంటే నేను పుట్టింటికి పోతాను" అంది.

"మీ పుట్టిల్లు పక్క సందే కదే" అన్నాడు దర్జీ, చొక్కా విచారంగా చూసుకుంటూ.

మొదటి సగమంతా తమ్ముడు గోడలా నిలబడ్డాడు. రెండో సగంలో ఏ బలమూ లేని బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి, వాడి చేతుల్లోంచి జారి, కాళ్ల మధ్య నుంచి గోల్లోకి పోయింది. మిల్లు వైపు జనం భగ్గుమన్నారు. వాణ్ని బయటికి పంపమన్నారు, చేతులకు వెన్న రాసుకొచ్చాడన్నారు. వాడు తల దించుకుని గ్లవ్స్ పట్టీ విప్పుతున్నాడు.

అప్పుడు చూసింది ఆవిడ. దూరంగా, రేవువాళ్ల మధ్య నుంచి ఒక ఆకుపచ్చ చొక్కా లేచింది. గోలు వెనక్కి వెళ్లి ఎర్రగా మారింది. గుండీల్లేని చొక్కాను గుప్పిటతో పొట్ట దగ్గర బిగించి పట్టుకుని, దర్జీ పరుగులాంటి నడకతో వచ్చి, అందరికీ కనబడేలా ముందు వరసలో కూలబడ్డాడు. "ఏమైంది, మనవాళ్లేగా గెలుస్తున్నది?" అని గట్టిగా అడిగాడు.

జనం గోల్‌కీపర్ని మరిచిపోయారు. ఈ మహానుభావుడు బయల్దేరాడు కాబట్టే బంతి జారిందని ఒకడు తేల్చాడు. అందరూ కలిసి ఆయన్ని ఉతికి ఆరేశారు. గోలు దగ్గర తమ్ముడు తలెత్తి, బావ అవతారం చూసి నవ్వాడు. పట్టీ మళ్లీ బిగించుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన బంతులన్నీ పట్టాడు. మిల్లువాళ్లు ఓడిపోయారు, అయినా వాణ్ని ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రం అక్క ఇంట్లో కడుపునిండా తిని, బావ రాకపోతే గెలిచేవాళ్లమని చెప్పి, పొద్దున్నే ప్రాక్టీసుందంటూ వెళ్లిపోయాడు.

ఆవిడ కుట్టుమిషను పక్కన కూర్చుంది. "ఏమండీ, బంతి పోయాకే కదా మీరు లేచింది?"

దర్జీ సూదిలో దారం ఎక్కిస్తూ ఆగాడు. "చూశావా?"

"ఎప్పుడూ ఇంతేనా?"

"నన్ను తిడితే నాకేం పోతుందే? రేపు నేనేమన్నా బంతి పట్టాలా? ఆ పిల్లలు పట్టాలి. ఎవరితోనూ అనకు, రెండు జట్లకీ గోల్‌కీపర్లున్నారు."

ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నవ్వునే ఉండనిచ్చి, తెంపిన గుండీలన్నీ తనే మళ్లీ కుట్టింది.

తర్వాతి ఆటలో దర్జీకి మోకాలి నొప్పి. మిల్లు వైపు భార్య పక్కనే కూర్చున్నాడు. రేవు గోల్‌కీపరు తేలిక బంతి ఒకటి వదిలేశాడు, అటు జనం వాడి మీద పడ్డారు. దర్జీ కదల్లేక కదులుతున్నాడు. ఆవిడ మోచేత్తో పొడిచింది.

"ఇంకా కూర్చున్నారేం? అక్కడ ఆ పిల్లాణ్ని తినేస్తున్నారు."

తనే చొక్కా తిరగేసి తొడిగింది. ఏ కాజా గుండీ ఆ కాజాకే పెట్టింది, కాలరు సరిచేసింది. ఆయన కుంటుకుంటూ బయల్దేరాక, మైదానం అవతలి దాకా వినబడేలా కేకేసింది.

"వెళ్లండి వెళ్లండి, మా పీడా విరగడవుతుంది."