రష్యావాళ్ల కోసం చచ్చిన డాగ్మార్

కోపెన్‌హాగెన్ చేపల రేవులో డాగ్మార్ టోఫ్టె సినిమా నటి అంటే ఒక్కరూ నమ్మలేదు. వాళ్ల తప్పేం లేదు. ఊళ్లో ఏ తెర మీదా ఆమె కనిపించలేదు మరి.

మాటల్లేని సినిమాల రోజులవి. డాగ్మార్ పనిచేసే కంపెనీ ప్రతి కథకీ రెండు ముగింపులు తీసేది. మన డెన్మార్క్ జనానికి పెళ్లి, రష్యా జనానికి చావు. నాయిక చావకపోతే అక్కడ టికెట్టు దండగనుకుంటారట. పెద్ద నటి ఆల్విల్దా క్రోగ్‌కేమో శవపేటిక అంటే హడలు. అందులో పడుకుంటే నిజంగానే పోతానని నమ్మకం. అందుకని పట్టుగౌన్లు తొడుక్కోడానికీ ముద్దులు పెట్టించుకోడానికీ ఆవిడ, పేటికలో పడుకోడానికి డాగ్మార్. "కళ్లు మూస్తే ఆడవాళ్లంతా ఒకటే" అని దర్శకుడు బ్రూన్ తేల్చేశాడు. కళాహృదయం అంటే అదే కాబోలు.

అద్దాల స్టూడియోలో ఎండ నిప్పులు పోస్తున్నా, ముక్కు మీద ఈగ వాలినా డాగ్మార్ కదిలేది కాదు. అంత బాగా చచ్చేది. ఆ చావులన్నీ రేకు డబ్బాల్లో రష్యా ఓడెక్కేవి.

రేవులో చేపలమ్ముకునే తల్లి మారెన్ పక్కనే హెర్రింగు చేపలమ్మే బిర్తె ఊరుకునే రకం కాదు.

"ఏం వదినా, నిన్న నీ కూతురి సినిమాకెళ్లాం. ఎంత వెతికినా కనబళ్లేదు. తెర వెనకేమైనా దాక్కుందా?"

"దాక్కునే ఉంటుంది. నీ మొగుడు సారా కొట్లో దాక్కున్నట్టు."

అక్కడ అలా నోరు మూయించేది గానీ, ఇంటికొచ్చాక కూతుర్ని నిలదీసేది. "ఒసే, నిజం చెప్పు. అక్కడ నేల తుడుస్తున్నావా?"

ఆ మాట డాగ్మార్ గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. కొత్త సినిమా డబ్బాలు సర్దే గదిలో ఎవరూ లేనప్పుడు పెళ్లి రీలును రష్యా పెట్టెలోకి, చావు రీలును ఊళ్లో హాలుకెళ్లే పెట్టెలోకి మార్చేసింది. పట్టుబడితే పని ఊడుతుందని తెలుసు. అయినా తల్లినీ బిర్తెనీ మొదటి ఆటకు లాక్కెళ్లింది.

చివరి రీలు మొదలైంది. పెళ్లి చూద్దామని వచ్చిన జనం ముందు పేటిక తెరుచుకుంది. లిల్లీపూల మధ్య డాగ్మార్, బొటనవేలి మీద చేపలకత్తి గాటుతో సహా. తెర పక్కన కూర్చుని పెళ్లిపాట అందుకున్న పియానో ఆయన సగంలో చేతులెత్తేశాడు.

బిర్తె ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. మారెన్ కళ్లార్పకుండా చూసింది.

"ఇంట్లో ఏనాడైనా ఇంత బుద్ధిగా పడుకున్నావటే?"

అలా అంటూనే చీకట్లో కూతురి చెయ్యి వెతికి పట్టుకుని, ఆ గాటును వేలితో తడుముతూ కూర్చుంది.

మర్నాడు ఆల్విల్దా చిందులు తొక్కింది. తన పేరుతో ఇంకెవర్నో పాతిపెట్టారట. బ్రూన్ ఆరా తీసి డాగ్మార్‌ని పిలిచాడు. "ఇంత బాగా చచ్చేదాన్ని మళ్లీ ఎక్కణ్ణుంచి తెచ్చేది?" అని బాధపడ్డాడు. ఆ బాధతోనే వెళ్లగొట్టాడు. రష్యాలో జనం పెళ్లి చూసి డబ్బు వెనక్కిమ్మని గోల చేశారట, అది వేరే సంగతి.

డాగ్మార్ రేవుకొచ్చి తల్లి పక్కన చేపల బుట్ట పెట్టుకుంది. చచ్చిన పిల్లను చూడ్డానికి ఊరు ఊరంతా దిగింది. బిర్తె బేరాలు కూడా ఇటే మళ్లాయి.

"ఒక్కసారి కళ్లు మూసి చూపించవే" అని గొణిగింది మారెన్. "బుట్ట ఖాళీ అయిపోతుంది."

"అది రష్యావాళ్లకేనమ్మా" అంది డాగ్మార్, చేప పొట్ట చీలుస్తూ. "వీళ్లని కళ్లు తెరిచినదాన్ని చూసి కొనుక్కోమను."